రోజులు మంచిగ లేవు

మన ఇళ్లలో ఆడపిల్ల గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి వినిపించే వాక్యం ఒకటుంది. కోస్తాలో "రోజులు బాగాలేవు" అంటారు. మా కవాడిగూడలో "రోజులు మంచిగ లేవు బిడ్డా" అంటారు. "కాలం పాడైపోయింది" అన్నది దీనికే ఇంకో రూపం. ఈ వాక్యంలో కర్త ఎవరో ఎప్పుడైనా గమనించారా? రోజులు. కాలం. తప్పు చేసిన మనిషి ఇందులో ఎక్కడా కనబడడు. తెలుగులో కాలం అంటే సమయమూ అవుతుంది, వానాకాలం, ఎండాకాలం అన్నప్పుడు రుతువూ అవుతుంది. రాత్రి ఎనిమిదింటికి నారాయణగూడ చౌరస్తాలో ఆడపిల్ల వెంటపడే మగవాడిని ఈ ఒక్క మాటతో మనం వాతావరణంలో కలిపేశాం. వాన మీద ఎవరూ కేసు పెట్టరు కదా. గొడుగు పట్టుకుని వెళతాం, లేదంటే ఇంట్లో కూర్చుంటాం.

ప్రమాదం ఉన్నప్పుడు ఒకరి ప్రయాణాన్ని ఆపడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. ఏ ప్రయాణాన్నీ ఎవరూ ఆపకూడదు అనేంత సులువైన జవాబు నా దగ్గర లేదు. అలాగని "మీ మంచికే కదా" అన్న మాటకు తలూపి ఊరుకోవడమూ నా వల్ల కాదు.

అశోక్‌నగర్ గల్లీల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లు కోకొల్లలు. జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. అమ్మాయిల హాస్టల్ గేటుకు తొమ్మిదికో తొమ్మిదిన్నరకో తాళం పడుతుంది. పక్క సందులోని అబ్బాయిల హాస్టల్ గేటుకు అసలు తాళం ఉందో లేదో ఎవరికీ తెలియదు. పరీక్ష ఒకటే, సిలబస్ ఒకటే, లైబ్రరీ ఒకటే. ఇదే కోపంతో 2015లో ఢిల్లీలో విద్యార్థినులు "పింజ్రా తోడ్" అంటూ బయటికొచ్చారు. హాస్టల్ ఆంటీలను అడిగితే వాళ్లూ అదే చెబుతారు: "రోజులు మంచిగ లేవమ్మా, రేపేమన్నా అయితే మమ్మల్నే అంటరు." ఆ రెండో సగం అబద్ధం కాదు. దాని సంగతి తర్వాత.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ మీద జరిగిన ఘోరం తర్వాత పోలీసులు స్త్రీలకు సూచనలు ఇచ్చారు. ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పండి, జనం ఉన్నచోట నిలబడండి, లొకేషన్ పంపండి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ అదే వారంలో పురుషులను ఉద్దేశించిన సూచనల పట్టిక ఒక్కటి కూడా నా కంటపడలేదు. తుఫాను హెచ్చరికను తుఫానుకు ఎవరూ పంపరు. స్త్రీల విషయంలో జరిగింది అచ్చం అదే.

దీనికి తలకిందులుగా ఇంకొకటి జరుగుతుంది. అది నిజంగా నీళ్ల దగ్గర. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. "నది మింగేసింది" అని రాశాం. నది తనంత తాను పెరగలేదు, పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 2016లో హిమాచల్ హైకోర్టు నష్టపరిహారం చెల్లించమన్నప్పుడు గానీ బాధ్యత నది మీది నుంచి మనుషుల మీదికి రాలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన వాళ్ల బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. హైదరాబాద్, వరంగల్, విశాఖల నుంచి వచ్చిన కుటుంబాలు. గోదావరి ఆరోజు లక్షల క్యూసెక్కుల వరదతో ఉంది. ఆ సంగతి తెలియనిది ఎవరికి? అంత వరదలో బోటు కదలకుండా చూడాల్సిన నియమం పడవ మీద ఉండాలి, రేవు మీద ఉండాలి, అధికారి మీద ఉండాలి. పైకి తీయడానికే 38 రోజులు పట్టిన ఆ బోటు బయలుదేరినప్పుడు దాన్ని ఆపినవాళ్లు లేరు. మాకు మరీ దగ్గరిది 2023 ఏప్రిల్‌లో కళాసిగూడలో జరిగింది. పొద్దున్నే పాలకోసం వెళ్లిన చిన్నపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడి పోయింది. "వానకు బలి" అన్నారు. మూత తీసిపెట్టింది వాన కాదు.

అంటే మనం రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం. మగవాళ్లు చేసినదానికి కాలం అని పేరు పెడుతున్నాం, నిర్లక్ష్యం చేసినదానికి నది అని, వాన అని పేరు పెడుతున్నాం. చివరికి మిగిలే నియమం ఒకటే, నువ్వు వెళ్లకు. అన్నిటికన్నా చవకైన నియమం అది. గేటుకు తాళం ఖరీదు ఎంత? సందులో దీపానికి, రాత్రి పదకొండుకు ఒక బస్సుకు, లైఫ్ జాకెట్లకు, నాలా మూతకు డబ్బు కావాలి, జీతమిచ్చి పెట్టిన మనిషి కావాలి.

మరి నిజంగా వాతావరణమే అయితే? పోయిన వానాకాలం మా అక్క కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం, ముగ్గురు స్నేహితురాళ్లతో బొగత జలపాతానికి వెళతానంది. ములుగు అడవుల్లో వానల్లోనే దాని అందం. మా అమ్మ మామూలు వాక్యమే అంది. నేను వాతావరణశాఖ సూచన చూశాను, ఆ రెండు రోజులకూ ఆరెంజ్ అలర్ట్ ఉంది. ఇద్దరం వద్దనే అన్నాం. ఆ పిల్ల నన్ను నిలదీసింది. "చిన్నమ్మా, నువ్వు గూడ అమ్మమ్మ లెక్కనే మాట్లాడుతున్నవ్ గద, మరి నువ్వు రాసేదంతా ఏంది?"

మంచి ప్రశ్న. ఆ సాయంత్రమంతా ఆమెతో వాదించాను. 2023 జూలైలో అదే ములుగు జిల్లాలో లక్ష్మీదేవిపేట దగ్గర ఒక్కరోజులో 64 సెంటీమీటర్ల పైన వాన పడింది. ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లి అడవిలో చిక్కుకుపోయిన పదుల మందిని సహాయక బృందాలు బయటికి తీసుకురావాల్సి వచ్చింది. వాగు పొంగితే బొగతను కూడా మూసేస్తారు, అప్పుడు మగా ఆడా తేడా లేకుండా అందరినీ ఆపుతారు. ఎందుకో చెబుతారు, ఎన్ని రోజులో చెబుతారు, వాగు తగ్గాక తెరుస్తారు. ఆరెంజ్ అలర్ట్‌కి తేదీ ఉంటుంది. "రోజులు మంచిగ లేవు" అన్న అలర్ట్‌ను మా అమ్మమ్మ కాలం నుంచి ఇప్పటిదాకా ఎవరూ ఎత్తివేయలేదు. నా అభ్యంతరం ఆపడం మీద కాదు, తేదీ లేకుండా, కారణం చెప్పకుండా, ఒక్కరినే ఆపడం మీద. ఆ పిల్ల ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, "సరే, అలర్ట్ పోయినంక అమ్మమ్మకు నువ్వే చెప్పాలె" అంది. వాదనలో గెలవడం కంటే అది కష్టమైన పని.

తేదీ లేని రక్షణ ఎంత హాని చేస్తుందో చూడాలంటే గల్ఫ్‌కు వెళ్లే మన ఆడవాళ్లను చూడాలి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లేవాళ్లు, ఖద్దామాలు. పెద్దగా చదువుకోని స్త్రీ ఇలాంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఉద్దేశం రక్షణే. ఇంట్లో అప్పు మాత్రం 30 ఏళ్లు వచ్చేదాకా ఆగదు. 25 ఏళ్ల మనిషి ఏజెంటు చేతిలో డబ్బు పోసి విజిట్ వీసా మీద వెళుతుంది. అక్కడ ఆమె పేరు ఏ రికార్డులోనూ ఉండదు, కొట్టినా జీతం ఇవ్వకపోయినా అడిగేవాళ్లుండరు. ఆపిన నియమమే ఆమెను చీకట్లోకి నెట్టింది. హజ్ యాత్ర విషయంలో ఒక తలుపు కొంత తెరుచుకుంది. 2018 నుంచి 45 ఏళ్లు దాటిన స్త్రీలు మహరం లేకుండా బృందంగా వెళ్లడానికి మన దేశం అనుమతించింది. 45 ఎందుకు, 44 ఎందుకు కాదు అని అడిగితే సిగ్గుపడవలసిన జవాబులే వస్తాయి.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడేలు ముంబై మీద రాసిన "వై లాయిటర్" (2011) పుస్తకం ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. స్త్రీలు అడగవలసింది భద్రత ఒక్కటే కాదు, ఇష్టపడి రిస్క్ తీసుకునే హక్కు కూడా అని. నేను దీంతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ మన దగ్గర రిస్క్ ఖర్చు వెళ్లినదాని దగ్గరే ఆగదు. మా అమ్మ భయాన్ని పితృస్వామ్య భావజాలం అని రెండు మాటల్లో తేల్చేయడం నాకు న్యాయంగా తోచదు. పిల్లకు ఏమైనా అయితే "నువ్వెట్ల పంపినవ్" అని అడిగేది తండ్రిని కాదు, అమ్మమ్మను. హాస్టల్ ఆంటీ చెప్పిందీ అదే. తాళం వేసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే, నిందపడేదీ వాళ్ల మీదే. ఆ నింద తీసేయకుండా తాళం మాత్రం తీయమంటే ఎవరు తీస్తారు?

ఇక పనిలేని ప్రయాణం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. జీరో టికెట్. ప్రయాణం గురించి మన ప్రభుత్వాలు ఆడవాళ్లకు చెప్పిన మాటల్లో "వెళ్లు" అన్నవి చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. వెంటనే వచ్చిన ఫిర్యాదు చూడండి: పనీపాటా లేకుండా తిరుగుతున్నారు. 2024లో బస్సులో కూర్చుని ఎల్లిపాయ పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల వీడియో తెగ తిరిగింది, దాని మీద రాజకీయ నాయకులు కూడా మాట్లాడారు. నాకు ఆ వీడియో చాలా నచ్చింది. పనిలేక తిరుగుతున్నారని తిట్టినవాళ్ల కళ్లెదుటే ఆమె పని చేస్తోంది, బస్సులో కూడా వంటింటిని ఒడిలో పెట్టుకునే కూర్చుంది. మొన్న కవాడిగూడ స్టాపులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఒకామెను ఎక్కడిదాకా అని అడిగాను. "ఎక్కడికి లేదమ్మా, గాలి తగుల్తదని" అంది. ట్యాంక్‌బండ్ మీద కిటికీ అద్దం పూర్తిగా పక్కకు జరిపింది.