దానియేలు అడిగిన పరీక్ష



దానియేలు మొదటి అధ్యాయములో, మనవలె పరదేశమున బ్రదికిన నలుగురు యౌవనులు కనబడుదురు. రాజు భోజనము వద్దని వారు శాకధాన్యములు, నీళ్లు అడిగిరి. పది దినములు పరీక్షించుడని తామే కోరిరి. విశ్వాసము పరీక్షకు భయపడదు.

నాయకరాజుల కాలమునుండి మదురై, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడిన తెలుగు ఇండ్లలో రాగి సంగటి, సజ్జ అన్నము పెద్దల తిండి. నేడు మూడు పూటలా తెల్లన్నమో ఇడ్లీయో, నడుమ చక్కెర కాఫీ. పొలములో వంగిన నడుములు కొట్లలో కూర్చున్నవి. దేశములో 10 కోట్లమందికి పైగా మధుమేహమున్నదని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనము తెలిపెను. అయితే 2006లో చెన్నై డాక్టర్ రామచంద్రన్ బృందము ప్రకటించిన పరిశోధనలో, జబ్బు అంచుననున్నవారు తిండి మార్చుకొని, రోజూ అరగంట చురుకుగా నడువగా, మూడేండ్లలో ఆ ముప్పు 28.5 శాతము తగ్గెను.

"ప్రార్థించితిమి, మాత్రలు మానితిమి" అనువారు మనలో ఉన్నారు. అది విశ్వాసము కాదు. చక్కెర మాత్రయైనా, థైరాయిడ్ మాత్రయైనా వైద్యుడు చెప్పనిదే మానరాదు. లూకా వైద్యుడే గదా!

మన ప్రేమవిందులను కూడ పరీక్షించుకొందము. అందరికీ బిర్యానీ, కేసరి వడ్డించి, చక్కెర జబ్బున్న తల్లిని వట్టి చేతులతో కూర్చుండబెట్టుట ప్రేమ కాదు. ఆమె తినదగిన కూర, పప్పు, మితముగా రాగి సంగటి మొదట వడ్డించి, అందరమూ అదే తిందము. దేహము పరిశుద్ధాత్మకు ఆలయము. దానిని ఊడ్చవలసినవారము మనమే. ఆమేన్.