నవ్వు – వార్త – సత్యము

లోకమున ఆయుధముకంటె బలమైనది వార్త. చెప్పువాని మనస్సున రాగద్వేషములు లేశమాత్రమున్నను అవి చెప్పబడు విషయమునకు రంగు పూయును. కొంత చెప్పుట, కొంత దాచుట, కొంత చేర్చుట, ఇంతమాత్రము చాలును. ఈ దోషము నేటి పత్రికలతోను దూరదర్శనముతోను పుట్టినది కాదు. మహాభారతమునందే దీని స్వరూపము కానవచ్చుచున్నది.

రాజసూయానంతరము శ్రీకృష్ణపరమాత్మ ద్వారకకు తరలిన పిమ్మట దుర్యోధనుడు శకునితో గూడి మయసభను చూచెను. స్ఫటికపు నేలను నీరని, నీటిని నేలయని భ్రమించి నీటిలో పడెను. వ్యాసభారత సభాపర్వమున ఈ ఘట్టమును చెప్పుచు వైశంపాయనుడు నవ్వినవారిని పేర్కొన్నాడు: భీముడు, అర్జునుడు, కవలలు, పరిచారకులు. ద్రౌపది పేరు అచ్చట లేదు. హస్తినకు మరలివచ్చిన దుర్యోధనుడు తండ్రితో చెప్పినది వేరు. కృష్ణుడు అర్జునునితో గూడి నవ్వెననియు, ద్రౌపది స్త్రీలతో గూడి నవ్వి తన మనస్సును నొప్పించెననియు విన్నవించెను. సభలోనే లేని భగవంతుడు కూడ ఆ వార్తలో నవ్వినవాడయ్యెను!

అతడు తెలిసియే కల్పించెనో, అవమానాగ్నిలో లోకమంతయు తన్ను చూచి నవ్వుచున్నట్లు నిజముగనే తోచెనో చెప్పనలవి కాదు. పక్షపాతము యొక్క ప్రమాదమంతయు ఇందే కలదు. అది పట్టినవానికి అది కానరాదు. పిదప జూదము జరిగెను. నిండుసభలో సాధ్వికి పరాభవము కలిగెను.

తరువాతి కాలమున కథ చెప్పువారు వైశంపాయనుని మాటను విడిచి దుర్యోధనుని మాటనే పట్టుకొనిరి. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ చలనచిత్రమున ద్రౌపది నవ్వే ప్రధానమైనది. 1988లో ప్రారంభమైన దూరదర్శన్ మహాభారత ధారావాహికలో తండ్రి అంధత్వమును ఎత్తిపొడిచిన మాట కూడ ఆమె నోట పలికింపబడినది. వ్యాసుని మూలమున ఆమె అట్టి మాట పలికినట్లు లేదు. ఐనను “ఆడుదాని నవ్వు వలననే యుద్ధము వచ్చె”నని నేటికిని జనులు చెప్పుకొనుచున్నారు.

అట్లని హాస్యమే దోషమా? కాదు. సంస్కృత నాటకములందు విదూషకుడు రాజుతో ఇతరులు చెప్పజాలని మాటను చెప్పగలడు. సప్తమ శతాబ్దమున పల్లవరాజు మహేంద్రవర్మ ‘మత్తవిలాస ప్రహసనము’ను రచించి మతవేషధారుల కపటమును పరిహసించెను. అమెరికాలో జాన్ స్టూవర్ట్ అను హాస్యకారుడు 1999 మొదలు 2015 వరకు వార్తలనే పరిహాసముగా చెప్పగా, అనేకులు ఆయనను వార్తాకర్తగనే గౌరవించిరి. కపటమును బయటపెట్టు నవ్వు లోకోపకారకమే. కాని నవ్వినవాడు సాక్ష్యమడుగడు; నవ్వించినవాడు “ఇది హాస్యమేగదా” యని తప్పించుకొనగలడు. కావున హాస్యమునకు వార్త యొక్క అధికారము నిచ్చునపుడు వార్తకు గల బాధ్యతయు దానికి ఉండవలెను.

పురాణేతిహాసములన్నియు ఇట్లే కల్పనలనువారును కలరు. కాని చూడుడు, దుర్యోధనుని వార్తలోని దోషమును మనకు చూపినది ఇతిహాసమే. పక్షపాతియగు పాత్ర మాటను, కథకుని మాటను వేరుగా నిలిపి చదువరి వివేకమునకు వదలినది. మీమాంసకులు వేదవాక్యములలో విధిని, అర్థవాదమును విభజించిరి. భగవద్రామానుజులు ప్రమాణాంతర విరోధము లేనిచోట అర్థవాదమునకును ప్రామాణ్యము కలదనిరి. ఏ వాక్యము దేనికొఱకు చెప్పబడినదో విచారింపక గ్రుడ్డిగా నమ్ముటయు, గ్రుడ్డిగా త్రోసివేయుటయు మన సంప్రదాయము కాదు.

వార్త చెప్పువానికి ఆదర్శము సంజయుడు. కౌరవుల ఉప్పు తినియు, భీష్ముడు కూలెనను అప్రియమును దాచలేదు. దోషము నీదేయని రాజు ముఖముననే చెప్పెను. వినువాడు ధృతరాష్ట్రుడు. “నావారు, పాండవులు” అని అతని ప్రశ్నయే రెండు పాళ్లయినది. అతనికి సత్యవార్త అందెను గాని హృదయమున కెక్కలేదు. పక్షపాతము చెప్పువాని నోటనే గాక వినువాని చెవియందును నివసించును.

గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు పరులకు ఉద్వేగము కలిగింపనిదియు, సత్యమును, ప్రియమును, హితమునగు వాక్కును తపస్సని చెప్పెను. వాక్కు తపస్సైనచో వినికిడియు తపస్సే. ఒక మాట విని నవ్వుటకు ముందును, మరియొకరికి చెప్పుటకు ముందును “ఇది వైశంపాయనుని మాటయా, దుర్యోధనుని మాటయా?” యని ప్రశ్నించుకొనుట ప్రతి గృహమునందును అలవడదగిన ధర్మము.