రేంజ్‌ఫైండర్ కెమెరా, ప్రామాణ్యవాదం

కలిగిన జ్ఞానం నిజమైనదేనని తేల్చేది ఏది? ఆ జ్ఞానం తనకు తానే సాక్ష్యమా, లేక వేరొకటి వచ్చి ధ్రువపరచాలా? భారతీయ దర్శనాల్లో ఈ చర్చకు ప్రామాణ్యవాదమని పేరు. మీమాంసకులది స్వతఃప్రామాణ్యం: దాన్ని కాదనే బాధకజ్ఞానం ఎదురయ్యేదాకా, జ్ఞానసాధనమైన కరణంలో దోషం బయటపడేదాకా ప్రతి జ్ఞానాన్నీ ప్రమాణంగానే స్వీకరించాలి. నైయాయికులది పరతఃప్రామాణ్యం: నీళ్ళున్నాయని తోచి వెళ్ళినవాడికి నీళ్ళు దొరికితే, ఆ ఫలితాన్ని బట్టి ముందటి జ్ఞానం యథార్థమని నిశ్చయమవుతుంది. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ రెండో పక్షాన్నే నిలబెట్టాడు. ఈ వివాదాన్ని చేత్తో పట్టుకుని పరీక్షించడానికి చిన్న రేంజ్‌ఫైండర్ ఫిల్మ్ కెమెరా చక్కగా పనికొస్తుంది.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో, నల్లగుడ్డ కింద తలదూర్చినవారికి లెన్స్ వేసిన బింబమే గరుకు గాజు మీద తలకిందులుగా కనిపించేది. తర్వాతి ఎస్ఎల్ఆర్ కెమెరాలో కూడా కంటికి అందేది లెన్స్ గుండా వచ్చిన వెలుగే. రేంజ్‌ఫైండర్ దారి వేరు. ఇందులో చూపుకు వేరే కిటికీ ఉంటుంది. దానికి కాస్త ఎడంగా మరో చిన్న కిటికీ నుంచి రెండో బింబం వచ్చి, మధ్యనున్న చిన్న చతురస్రంలో మొదటిదాని మీద పడుతుంది. లెన్స్ రింగు తిప్పుతుంటే ఆ బింబం పక్కకు జరుగుతుంది. రెండూ ఒకటైనప్పుడు దూరం కుదిరినట్టు. లెన్స్ ఏం చూస్తున్నదో కన్ను చూడదు. త్రికోణమితి ఆధారంగా ఊహించుకుంటుంది.

చిన్న రేంజ్‌ఫైండర్లలో పేరున్నది లైకా సీఎల్. 1973లో లైట్జ్, మినోల్టా సంస్థలు కలిసి దీన్ని తెచ్చాయి. దీనికోసం చేసిన లెన్సులు రెండు: 40 మి.మీ. ఎఫ్/2 సుమిక్రాన్-సి, 90 మి.మీ. ఎఫ్/4 ఎల్మార్-సి. కెమెరా చిన్నది కావడంతో రెండు కిటికీల మధ్య ఎడమూ తగ్గింది. ఫైండర్ వస్తువును చిన్నదిగా చూపడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే పనికొచ్చే ఎడం 18.9 మి.మీ. మాత్రమే. 1954 నాటి లైకా ఎం3లో అది 60 మి.మీ. పైనే. ఎడం తగ్గినకొద్దీ దూరాన్ని పసిగట్టే సూక్ష్మత తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పక్కపక్కనే ఉండి ఈ పరీక్షకు కావలసిన వెలుగులన్నీ ఇస్తాయి. మధ్యాహ్నపు ఎండలో 100 ఐఎస్‌ఓ ఫిల్ముకు ఎఫ్/16, సెకనులో 125వ వంతు సరిపోతాయి. అక్కడి రోడ్డు మీద 2020లో మొదలైన మెట్రో వంతెన నీడలోకి అడుగుపెడితే మూడు నాలుగు స్టాపుల వెలుగు తగ్గవచ్చు. 40 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/16లో 3.3 మీటర్ల దగ్గర పెడితే సుమారు 1.7 మీటర్ల నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. నారాయణగూడ చౌరస్తాలో మనుషులను తీయడానికి అది చాలు, చతురస్రంలోకి చూడనక్కర్లేదు.

నైయాయికుడికి మొదటి చిక్కు ఇక్కడే. బొమ్మ బాగా వచ్చింది కాబట్టి దూరం సరిగా తెలిసిందనడం చెల్లదు. రెండు మీటర్ల పొరపాటునైనా ఎఫ్/16 కప్పిపుచ్చగలదు. తప్పుడు జ్ఞానంతోనూ పని సఫలం కావచ్చు. కాబట్టి, విఫలమయ్యే అవకాశమున్న పరీక్షలో నెగ్గిన సాఫల్యానికే సాక్ష్యబలం ఉంటుంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీపరీక్షలకు చదువుకునేవారిని అనుమతితో రెండు మీటర్ల నుంచి తీస్తే, 40 మి.మీ. లెన్స్ ఎఫ్/2లో స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 30 సెం.మీ.; 90 మి.మీ. ఎఫ్/4లో 12 సెం.మీ. అక్కడ దూరం తప్పితే ఫిల్మ్ దాచిపెట్టదు.

బింబాలు కలిసినా మోసం జరగవచ్చు. కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగు లాంటి ఒకే తీరు గీతలున్నచోట ఒక ఊచ బింబం పక్క ఊచ మీద పడి, దూరం కుదిరినట్టే తోస్తుంది. చూపును అశోక్‌నగర్ హాస్టల్ బోర్డు అంచు వంటి ఒంటరి గీత మీదికి మారిస్తే ఆ భ్రమ తొలగుతుంది. వెండిలా తోచిన ముత్యపుచిప్పను గుర్తించగానే ఆ వెండి మాయమైనట్టు, ఇది వేదాంతులు చెప్పే నిరుపాధిక భ్రమ.

రెండో రకం భ్రమ సోపాధికం, అంటే ఉపాధి అనే బయటి కారణం ఉన్నంతసేపూ నిలిచేది. మందారం పక్కన ఉన్నంతసేపూ స్ఫటికం ఎర్రగానే కనిపిస్తుంది. తెల్లనిదని తెలిసినా ఎరుపు పోదు. రెండో బింబాన్ని మళ్ళించే రేంజ్‌ఫైండర్ అద్దం పక్కకు జరిగినా అంతే. దాన్ని పట్టుకోవడానికి లెన్స్‌ను అనంతం గుర్తు దగ్గర పెట్టి చంద్రుణ్ణి చూడటం తెలిసిన పద్ధతి. అద్దం కుదురుగా లేకపోతే ఇద్దరు చంద్రులు కనిపిస్తారు. ఒకే చంద్రుడు ఇద్దరిలా తోచడాన్ని శంకరులు అధ్యాసభాష్యంలో ఉదాహరణగా చూపారు. చంద్రుడొక్కడేనన్న జ్ఞానం కెమెరాను బాగుచేయదు, మరను సరిచేయాల్సిందే.

మరి ధ్రువీకరణకు అంతెక్కడ? రేంజ్‌ఫైండర్‌ను నెగెటివ్ పరీక్షిస్తుంది. నెగెటివ్‌ను భూతద్దం, భూతద్దాన్ని కన్ను పరీక్షిస్తాయి. కన్నును పరీక్షించడానికి మరొకటి కావాలి. ఇదే అనవస్థాదోషమని మీమాంసకుడు ఆక్షేపిస్తాడు. సందేహం లేనిచోట తర్వాతి పరీక్ష అవసరమే లేదు గనుక అనవస్థ రాదని నైయాయికుడి సమాధానం.

కెమెరా వాడకం ఇద్దరికీ చోటిస్తుంది. షట్టర్ నొక్కే క్షణంలో ఫైండర్‌ను నమ్మక తప్పదు. ఫిల్మ్ కడిగేదాకా మరో సాక్షి లేదు. ఆ నమ్మకం స్వతఃప్రామాణ్యం. కొత్త లెన్స్ తగిలించినప్పుడు, కెమెరా కింద పడినప్పుడు సందేహానికి కారణం పుడుతుంది కనుక పరీక్ష కావాలి; అది పరతఃప్రామాణ్యం. రెండింటికీ వర్తించే నియమం ఒకటుంది: పరీక్షించే సాక్షి మొదటిదానికి భిన్నమైనదై ఉండాలి. ఒకే అద్దం మీద ఆధారపడ్డ రెండు బింబాల ఏకాభిప్రాయం ఆ అద్దం దోషాన్ని ఎప్పటికీ బయటపెట్టలేదు.