ఒళ్లో పెట్టిన అమానత్

రుజువులివ్వడం మాకు అలవాటే. అద్దెకు ఇల్లడిగితే రుజువు, పనికి పోతే రుజువు, 1992 డిసెంబరు 6 తర్వాతైతే క్రికెట్టు ఆటలో ఎవరు గెలవాలని కోరుకున్నామో దానిక్కూడా రుజువు. ముందు నమ్మదగినవాళ్లమని తేల్చుకోండి, ఆ తర్వాత నమ్ముతాం - ఇదీ లోకం మాతో పెట్టుకున్న ఒప్పందం. పోనీ ఒకసారి తేల్చుకుంటే అయిపోతుందా అంటే, కాదు. ఎక్కడో ఏదో జరుగుతుంది, మళ్లీ మొదటికొస్తాం.

ఈ ఒప్పందంలోని తిరకాసు మాకు ఒక చంటిపిల్ల దగ్గర అర్థమైంది. రుజువు ముందు, నమ్మకం తర్వాత అనే లెక్క పట్టుకు కూర్చుంటే లోకంలో ఒక్క బిడ్డని కూడా ఇంకొకరి చేతికివ్వడం కుదరదు. బిడ్డని చూసుకోవడంలో ఎవరికైనా మొదటిసారంటూ ఒకటుంటుంది. మొదటిసారికి రుజువుండదు.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. పెళ్లిళ్లు కాలేదు. మాలో చిన్నదానికే పద్దెనిమిదేళ్లు దాటాయి కాబట్టి మా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినపడి చాలా కాలమైంది. పక్కవాటాలో ఉండేవాళ్లు హిందువులు. ఆ ఇంటి కోడలికి రెండున్నర నెలల పాప. అత్తగారికి కాలి మీద షుగరు పుండు, వారం వారం ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు మార్పించాలి. భర్త పని మీద వేరే ఊళ్లో ఉంటాడు. మా అమ్మీ ఆ వారం నానీ దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి తెలిసి కూడా ఆమె గడపలో నిలబడి, "ఆపా, నాలుగ్గంటలు చూసుకుంటారా?" అనడిగింది. ఇంతకుముందు ఎవరినైనా చూసుకున్నారా అనడగలేదు. తల కింద చెయ్యి పెట్టి ఎత్తుకోండి, పాలు పిండి గిన్నెలో పెట్టాను, ఉగ్గుగిన్నెతో పట్టండి, ఇంకేమీ పెట్టొద్దు అని మాత్రం చెప్పింది.

రెండున్నర నెలల బిడ్డకి మెడ నిలబడదు. నడినెత్తిన మాడు మెత్తగా కొట్టుకుంటుంటే కింద నడుస్తున్న ప్రాణం కనపడుతుంది. వేలు ఇస్తే పట్టుకుంటుంది. చూసేవాళ్లకి అది ప్రేమలా ఉంటుంది. నిజానికి ఆ వయసులో ఏది తగిలినా పిడికిలి మూసుకుంటుంది. ఈ సంగతి తెలియడం మంచిదే. చాలామంది అంటారు, పసిపిల్లలు మనుషుల్ని గుర్తుపట్టి నమ్ముతారని. పాప మమ్మల్ని నమ్మలేదు. నమ్మడానికీ నమ్మకపోవడానికీ తన దగ్గర ఏమీ లేదు. తన బరువంతా మా చేతిమీద వదిలేసింది, అంతే. నమ్మింది తల్లి. అంటే ఒకరు నమ్మితే ఆ నష్టభయమంతా ఇంకొకరు మోస్తున్నారు. ఇంత అన్యాయమైన ఏర్పాటు ఇంకొకటి ఉండదు. కానీ మనుషులందరూ పెరిగింది ఈ ఏర్పాటులోనే.

మా దీన్‌లో దీనికి అమానత్ అని పేరు. ఎవరిది ఏది మన దగ్గరుందో దాన్ని వాళ్లకి అప్పజెప్పాలని ఖురాన్ నాలుగో సూరాలో ఉంది. డబ్బూ నగా అయితే సులువు, మూట విప్పకుండా తిరిగిచ్చేస్తే సరిపోతుంది. బిడ్డని మూటలా పెట్టలేం. నాలుగ్గంటల్లో ఏడుస్తుంది, తడుపుతుంది, ఆకలంటుంది, ఏమీ లేకపోయినా మళ్లీ ఏడుస్తుంది. పసిపిల్లల ఏడుపు ఆరువారాలప్పుడు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. సాయంత్రాలు మరీ ఎక్కువ. పాలు పట్టినా, గుడ్డ మార్చినా, భుజాన వేసుకుని తిప్పినా ఆగని ఏడుపుంటుంది చూడండి, అక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఆ ఏడుపుకి ఎదుటివాళ్లలో కోపం పుడుతుంది. ఇది చెప్పుకోరు. తల్లులు కూడా చెప్పుకోరు, చెబితే తల్లివేనా అంటారు గనక. తనకంటే వందోవంతు బలం లేని ప్రాణి మీద మనిషికి వచ్చే ఈ కోపం గురించి మేం చదివిన నీతిపుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. గదిలో ఎవరూ లేరు. బిడ్డ సాక్ష్యం చెప్పలేదు. గట్టిగా ఒక్కసారి కుదిపితే లోపల మెదడుకి దెబ్బ తగులుతుంది, ప్రాణమే పోవచ్చు. పైకి గాయం కూడా కనపడకపోవచ్చు. అలాంటి క్షణంలో చెయ్యాల్సింది చాలా చిన్న పని. బిడ్డని చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టి, దొర్లిపడకుండా, మొహం మీదకి గుడ్డ రాకుండా చూసుకుని, నాలుగడుగులు పక్కకెళ్లి ఊపిరి పీల్చుకుని రావడం. ఆ రెండు నిమిషాలు ఏడిస్తే బిడ్డకేం కాదు. మేం ముగ్గురం ఉన్నాం కాబట్టి మాకది సులువైంది, చేతులు మారాయి. ఒంటరిగా ఉన్న తల్లికి ఆ నాలుగడుగులే చాలా దూరం. అమానత్ అంటే దొంగతనం చెయ్యకపోవడం అనుకుంటారు చాలామంది. చూసేవాళ్లు లేనిచోట తన చేతిని తనే ఆపుకోవడం అది.

ఇక్కడ తెనుగు ముస్లింల ఇళ్లలోని వింత ఒకటి చెప్పాలి. మా ఊళ్లో సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యే వేళకి మసీదు మెట్ల దగ్గర హిందూ తల్లులు చంటిపిల్లల్నెత్తుకుని నిలబడతారు. జడుసుకున్న పిల్లలు, దిష్టి తగిలిన పిల్లలు, పాలు తాగని పిల్లలు. నమాజు చేసి బయటికొచ్చినవాళ్లు పేరైనా అడక్కుండా పిల్లల మొహం మీద దమ్ ఊదిపోతారు. ఆంధ్రాలో, తెలంగాణలో ఎన్ని ఊళ్లలో చూడలేదు ఇది! మొక్కుకుని కన్న పిల్లలకి మస్తానయ్యలనీ పీరయ్యలనీ హుస్సేనమ్మలనీ పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలెన్నో. అదే తల్లి రాత్రి పిల్లాడు నిద్రపోకపోతే, "అదుగో సాయిబొస్తున్నాడు, గోనెసంచిలో వేసుకుపోతాడు" అని భయపెట్టడమూ మేం విన్నాం. సాయంత్రం ఊపిరి పోసినవాడే రాత్రికి ఎత్తుకుపోయేవాడు. రెంటిలో ఏది నిజమని ఆ తల్లినడిగితే నవ్వుతుంది.

ఆ నవ్వుతో సరిపెట్టుకునే రోజులు కావివి. పిల్లల్నెత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018లో ఫోన్లలో పుకార్లు పాకితే, దేశంలో పలుచోట్ల ఏ పాపం ఎరగని మనుషుల్ని కొట్టి చంపారు. ఊరికి కొత్తవాళ్లు, అడుక్కునేవాళ్లు, బిడ్డకి మిఠాయి ఇవ్వబోయినవాళ్లు. బిడ్డని ముట్టుకునే హక్కు ఎవరికుందో వీధిలో గుంపు తేల్చింది. అందుకే పక్కింటి కోడలు పాపని మా ఒళ్లో పెట్టి వెళ్లిపోవడం మాకు చిన్న విషయంగా కనపడలేదు. ఆవిడకి మాత్రం చిన్న విషయమే. ఆసుపత్రికి టైమవుతోంది, పక్కనే మనుషులున్నారు. ఇందులో మతసామరస్యం ఉందని ఎవరైనా ఫోటో తీయడానికొస్తే ఇద్దరం తలుపేసుకునేవాళ్లం.

సీరా చదివినవాళ్లకి హలీమా సాదియా కథ తెలుసు. మక్కా కుటుంబాలు పసిపిల్లల్ని ఎడారి తెగల దాయీలకిచ్చి పెంచేవి. తండ్రి లేని బిడ్డకి కూలీ ఏం ముడుతుందని మిగతా దాయీలు ముహమ్మద్‌ని వదిలేశారు. ఇంకెవరూ దొరక్కపోతే ఒట్టి చేతుల్తో పోవడమెందుకని హలీమా తీసుకుంది. రెండు వైపులా హామీ లేదు. ఆ బిడ్డ ఎవరవుతాడో ఆమెకి తెలియదు, ఆమె ఎలా చూస్తుందో ఆమినాకి తెలియదు. దశాబ్దాల తర్వాత, క్రీ.శ. 630లో హునైన్ యుద్ధంలో హలీమా బంధువులైన హవాజిన్ తెగవాళ్లు వేలమంది బందీలైనప్పుడు, వాళ్లు వచ్చి గుర్తు చేసింది ఆ పాలనే. నీ పాలతల్లుల ఆడవాళ్లున్నారయ్యా ఈ బందీల్లో అన్నారు. బందీలు విడుదలయ్యారు. మా షరీఅత్‌లో పెళ్లి విషయంలో పాలిచ్చిన సంబంధం రక్తసంబంధంతో సమానం, పాలపిల్లల మధ్య నికా కుదరదు. ఇటు యశోద కథ వింటూ పెరిగిన ఊళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పాలివ్వని నాలుగ్గంటల సంబంధానికి మాత్రం షరీఅత్‌లోనూ పేరు లేదు, పురాణంలోనూ లేదు.

బిడ్డలు మనకెందుకులే అనే మా మగాళ్లకి ఇంకో మాట. ప్రవక్త తన మనవరాలు ఉమామాని భుజానెత్తుకుని నమాజు చేశారని, సజ్దాకి వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారని హదీసుల్లో ఉంది. గడ్డాల పొడవు దగ్గర సున్నత్‌ని కొలిచేవాళ్లు ఈ సున్నత్ జోలికి రారెందుకో.

మొదటిసారి అంటున్నాం గానీ, మా బస్తీలో చాలామంది ఆడపిల్లలకి ఆ మొదటిసారి ఏడెనిమిదేళ్లకే వచ్చేస్తుంది. తల్లి బీడీలు చుడుతుంటుంది, లేకపోతే నాలుగిళ్లలో అంట్లు తోముతుంటుంది. తమ్ముడు అక్క చంకలో ఉంటాడు. విద్యాహక్కు చట్టం 2010 నుంచీ అమల్లో ఉంది, చంకలో తమ్ముడూ ఉన్నాడు. జీతమొచ్చే ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకి పెంచారు, యాభైమంది, ఆ పైన పనిచేసే చోట పిల్లల్ని చూసే గది ఉండాలన్నారు. బీడీలు ఇంట్లో చుట్టేదానికి ఆ గది ఎక్కడ? కడప, రాయచోటి వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ పోయే ఆడవాళ్లలో తమ చంటివాళ్లని అమ్మల దగ్గరొదిలి, అక్కడ పరాయి చంటివాళ్లని ఎత్తుకునేవాళ్లున్నారు. పాస్‌పోర్టు, వైద్యపరీక్ష, ఏజెంటు కాయితాలు - అన్నీ రుజువులే. ఆమె మాత్రం ఏ రుజువూ అడక్కుండా తన బిడ్డని వదిలి పోవాలి.

మా నాలుగ్గంటలకొస్తే, తల్లి చెప్పినట్టే చేశాం. అమ్మీ ఫోనులో, వేలితో చుక్క తేనె నాకించమంది, పిల్ల ఊరుకుంటుందని. మా ఇళ్లలో పుట్టిన బిడ్డకి తేనె నాకించడం ఉంది, చాలా హిందువుల ఇళ్లలోనూ ఉంది. ఏడాది నిండని బిడ్డకి తేనె పడదని, ప్రాణాపాయమని ఇప్పుడు తెలుసు. తెలియకపోయినా పెట్టేవాళ్లం కాదు. తల్లి ఇంకేమీ పెట్టొద్దంది, మా ఆచారం ఆ మాట తర్వాతే.

తేనె సంగతి తేలిపోయింది గానీ, జోలపాట సంగతి తేలలేదు. మాకొచ్చిన జోలల్లో అల్లా పేరుంటుంది. పాప ఏడుస్తుంటే పెద్దది నోరారా పాడింది, పాప సగంలో ఆగింది. రెండోది అభ్యంతరం చెప్పింది. వాళ్ల పిల్ల చెవిలో మన దేవుడి పేరు మనం ఎలా వేస్తాం, రేపు మన పిల్ల చెవిలో ఇంకెవరైనా వేస్తే ఊరుకుంటామా అంది. చిన్నది మాటలు తీసేసి రాగం తీద్దామంది. రాగమైనా ఎక్కడిది, మనది కాదూ అని రెండోది. పెద్దదేమో, ఏడుస్తున్న బిడ్డకి మనకొచ్చిన పాటే కదా పాడతాం, దాచిపెట్టి పాడితే అది దొంగతనమవుతుంది గానీ అంది. సాయంత్రం ఆవిడ రాగానే పెద్దది ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ, "నిద్రపోయిందా లేదా?" అనడిగింది. కట్టుకాలు చాపుకుని కూర్చున్న అత్తగారు మాత్రం కాసేపాగి, "మా పాట కూడా ఒకటి నేర్పుతాను అమ్మాయ్, రెండూ పాడండి" అంది.

రెండోది ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే గురువారం మళ్లీ కట్టు మార్చాలి. పాపకి మెడ కొంచెం కొంచెం నిలబడుతోంది.