ఒకే పనికి రెండు పేర్లు

మా అమ్మ మా ఊరి బజార్లు ఇరవై ఏండ్లు ఊడ్చింది. దాన్ని చాకిరీ అన్నారు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు పట్నం కాలేజీ నుంచి ఎన్నెస్సెస్ పిల్లలు పదిరోజుల క్యాంపుకొచ్చి మా మాదిగవాడ ఊడ్చారు. దాన్ని సేవ అన్నారు. చీపురు అదే, దుమ్ము అదే. ఊడ్చే చెయ్యి మారితే పనికి పేరెందుకు మారింది?

ఈ ప్రశ్నను నిరుడు నా దగ్గర చదివిన పిల్లగాడొకడు మళ్లీ లేపాడు. మా వాడ పిల్లగాడే. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధితో అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెలవుల్లో తోటి విద్యార్థులతో గ్వాటెమాలా వెళ్లాడు. అక్కడ పడమటి కొండల్లో కిచే మాయా ఆదివాసుల ఊరికి వారంరోజుల సేవాయాత్ర. బడికి ఒక గది కట్టడం వీళ్ల పని. తిరిగొచ్చి ఫోన్ చేశాడు.

"సార్, మేం ఇటుకలు పేరుస్తుంటే ఆ ఊరి మేస్త్రీలు పక్కన నిలబడి చూసిండ్రు. మా అమ్మ ఇటుకలు మోసే నన్ను చదివించింది. అయినా నాకు తాపీ పట్టుడు రాదు, వాళ్లకొచ్చు. మా ఒక్కొక్కరి విమానం టికెట్టే ఆరువందల డాలర్లు. ఆ పైసలు వాళ్లకు కూలి ఇస్తే గది ఎప్పుడో లేచేది. ఆఖరికి మాకు నలభైగంటల సేవ అని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. నేను చేసింది మంచిపనేనా సార్?"

పని లెక్కగట్టి కాగితం ఇవ్వడం ఆ కొండలకు కొత్తకాదు. 1934లో నియంత ఉబికో దేశదిమ్మరుల చట్టం తెచ్చాడు. చాలినంత భూమి లేనివాళ్లు ఏడాదికి 100 నుంచి 150 రోజులు పెద్ద తోటల్లో పనిచేయాలి. చేసిన రోజులు రాసిన పుస్తకం వెంట ఉంచుకోవాలి. లెక్క తగ్గితే శిక్ష. ఆ ఉచ్చులో పడింది ఎక్కువగా మాయా జనమే. మా తాతలు దొర గడీలో చేసిన వెట్టికి అది దగ్గరి చుట్టం. కూలి పేరుకే, కాదనే హక్కు లేదు. తాత పుస్తకంలో రోజులు నిండితే జైలు తప్పేది. విద్యార్థి కాగితంలో గంటలు నిండితే గౌరవం దక్కుతుంది.

1952లో అర్బెంజ్ ప్రభుత్వం పెద్ద కామందుల బీడు భూములు పేదలకు పంచడం మొదలుపెట్టింది. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన కుట్రతో ఆ ప్రభుత్వం కూలింది. పంచిన భూముల్ని చాలావరకు మళ్లీ గుంజుకున్నారు. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు రెండు లక్షలకు పైనేనని 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయాలే. ఆ బడికి గది ఎందుకు లేదో ఈ చరిత్రను అడగాలి. సేవాయాత్ర ఆ ఊసెత్తదు. పేదరికం వానలేక వచ్చిన కరువన్నట్టు, దానికి ఎవరూ బాధ్యులు కానట్టు చూపిస్తుంది.

1968లోనే ఇవాన్ ఇలిచ్, మెక్సికో పల్లెలకు సేవకని వచ్చిన అమెరికా విద్యార్థుల ముఖం మీదే చెప్పాడు: చూడండి, చదువుకోండి, ఉద్ధరించడానికి మాత్రం రాకండి అని. మనకైతే ఈ తగాదా అంతకన్నా పాతది. 1932లో అంబేద్కర్ ఠక్కర్‌కు ఉత్తరం రాశాడు. అంటరానివాళ్లకు బావుల్లో నీళ్లు, బడుల్లో చోటు దక్కేలా ఊరూరా పౌరహక్కుల కోసం పనిచేయమన్నాడు. ఆ సంఘం హరిజన సేవక సంఘమైంది. పెత్తనం సవర్ణుల చేతుల్లోనే ఉండిపోయింది, మనకు సేవ మిగిలింది.

మా వాడ ఊడ్చిన పిల్లలూ మంచోళ్లే. కానీ ఊరి హోటల్లో మాకు వేరే గ్లాసెందుకని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఊరి పెద్దలు క్యాంపుకు బియ్యం ఇచ్చేవాళ్లు కాదు.

అందుకే నా విద్యార్థికి మంచిపనా, చెడ్డపనా అనేది చెప్పలేదు. మూడు ప్రశ్నలు వేశాను. ఆ గది కావాలన్నదెవరు? మీరు రావద్దంటే ఆ ఊరి మాట చెల్లుతుందా? డబ్బు లెక్క ఎవరి చేతిలో ఉంది? అతని దగ్గర జవాబుల్లేవు. మీ యూనివర్సిటీలోనే నిలబడి ఇవి అడగమన్నాను. 1954 గురించి కూడా అడగమన్నాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. "వీసా మీద ఉన్నోణ్ని సార్. అంత గట్టిగ ఎట్ల అడగాలె?"

అతని భయాన్ని నేను తక్కువ చేయను. మా నాయిన కూడా దొర ముందు నోరెత్తలేదు. కానీ మిత్రులారా, ఒకటి గమనించండి. ఇటుక మోయడానికి విమానమెక్కి పోయిన పన్నెండుమందిలో ఎవరికీ భయం లేదు, సర్టిఫికెట్ కూడా వచ్చింది. నోరు తెరిచి అడగాలంటేనే ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది. సేవకూ న్యాయానికీ తేడా అక్కడే ఉంది. ఏ పనికి మెచ్చుకుంటున్నారో, ఏ మాటకు భయపెడుతున్నారో చూస్తే చాలు, మనం ఎటువైపు నిలబడ్డామో తెలుస్తుంది.