రథం సరే, జీతం మాటేమిటి?

తెనాలిలో ఉండే మా నాన్నకు బౌద్ధ భిక్షువు నాగసేనుడంటే ప్రాణం. ఏ సంగతి ఎత్తినా తిప్పి తిప్పి నాగసేనుడు మిళింద రాజుకు చెప్పిన రథం పోలిక దగ్గరికే తెస్తారు. చక్రం రథమా? కాదు. ఇరుసు రథమా? కాదు. అన్నీ కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరే రథం. లండన్‌లో ఉండే నాకేమో సైకిల్ పందేల పిచ్చి. ఓసారి ఫోన్‌లో ఆయనకు సెర్వెలో జట్టు కథ చెప్పాను.

కెనడా సైకిళ్ల కంపెనీ సెర్వెలో 2009లో మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి జట్లు పెట్టింది. 2010లో ఎమ్మా పూలీ ఆడవాళ్ల జట్టుకు ఫ్లెష్ వలోన్ పందెం గెలిచిపెట్టింది, టైమ్ ట్రయల్‌లో ప్రపంచ విజేత కూడా అయింది. అయినా ఏడాది చివర సెర్వెలో సొంత జట్టు మూతపడింది. 2011లో ఆడవాళ్ల జట్టు గార్మిన్-సెర్వెలో అన్న కొత్త పేరుతో ఒక్క సీజన్ నడిచింది. ఆ తర్వాత మగవాళ్ల గార్మిన్ జట్టును ఉంచి ఆడవాళ్లది తీసేశారు. పూలీ, ఆమె జట్టువాళ్లు లిజీ ఆర్మిట్‌స్టెడ్, లూసీ మార్టిన్ నెదర్లాండ్స్‌లోని ఏఏ డ్రింక్ జట్టులో చేరారు. 2012 చివరికి అదీ పోయింది.

"రథమేనమ్మా! పేరు మారింది, భాగాలు విడిపోయాయి. బాధపడటానికేముంది?" అన్నారు నాన్న.

ఆ ముగ్గురినీ నేను 2012 జులై 29న చూశాను. ఒలింపిక్స్ రోడ్ రేసు, బ్రిటన్ తరఫున తొక్కుతున్నారు. జోరువాన. ముందు సైకిలు వెనక చక్రం చిమ్మే మురికినీళ్లు వెనకావిడ మొహాన కొడుతున్నా, ఆమె చక్రం వదలదు. ముందున్నావిడ గాలికి ఎదురొడ్డితేనే వెనకావిడకు బలం మిగులుతుంది. మరియానె వోస్‌కు స్వర్ణం, ఆర్మిట్‌స్టెడ్‌కు రజతం. ఆ ఆటల్లో బ్రిటన్‌కు అదే మొదటి పతకం. పూలీ మెడలో ఏమీ పడలేదు. ఆమె ఆరోజు తొక్కింది జట్టు కోసం.

"ఇరుసు చక్రం కోసం అలిసిపోదు నాన్నా. ఇరుసుకు ఇంటద్దె కూడా ఉండదు" అన్నాను.

అన్నీ అనిత్యమే, కాదనను. కానీ ఆ సూత్రం మగవాళ్ల జట్టును వదిలేసి ఆడవాళ్ల జట్టుకే ఎలా తగిలింది? అది ధర్మం కాదు, జమాఖర్చు. కారణం లేనిదే ఏదీ జరగదనీ, కారణం తొలగితే ఫలితమూ తొలగుతుందనీ బుద్ధుడే కదా చెప్పింది! ఇక్కడా అప్పటి కారణాలు కంటికి కనిపిస్తూనే ఉండేవి: టీవీలో చూపని పందేలు, కనీస వేతనం లేని ఒప్పందాలు. మగవాళ్లకు ఏనాడో ఉన్న కనీస వేతనాన్ని, పై శ్రేణి మహిళా జట్లకు 2020లో సైక్లింగ్ సమాఖ్య ఖాయం చేసింది: ఏడాదికి 15,000 యూరోలు. మనుషులు కూర్చుని మార్చగలిగినదాన్ని లోకరీతి అనడం ఎలా?

"అయితే నాగసేనుడు తప్పు చెప్పాడంటావా?" నాన్న గొంతులో కాస్త ఉక్రోషం.

తప్పు చెప్పలేదు. మమకారం వదులుకోవడం ఎవరికి వారు నేర్చుకోవలసిన పాఠం. జీతం ఆగినవాళ్లకు పక్కవాళ్లు చెప్పే ఓదార్పు కాదు. నాగసేనుడు ఆ మాట చెప్పింది రథమెక్కి వచ్చిన రాజుకు, రథం తోలినవాడికి కాదు.