ఎవరి ఋణం, ఎవరి దేహం

దీర్ఘవ్యాధితో జీవిస్తున్న స్త్రీ గర్భం రాకుండా జాగ్రత్త పడడం ధర్మసమ్మతమా అన్న ప్రశ్న తెలుగు సమాజంలో శాస్త్రచర్చగా అరుదుగా వినిపిస్తుంది. అది అత్తవారింటి నిష్ఠూరంగానో, పుట్టింటివారి భయంగానో, పెళ్ళిచూపులనాడు చెప్పకుండా దాచిన గుండె ఆపరేషన్‌గానో ఇళ్ళలోనే నలుగుతూ ఉంటుంది. అయితే ఆ నిష్ఠూరం వెనుకా ఆ భయం వెనుకా ఒక సిద్ధాంతం ఉంది. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడనీ, ఋషిఋణం బ్రహ్మచర్యంతో, దేవఋణం యజ్ఞంతో, పితృఋణం సంతానంతో తీరుతాయనీ తైత్తిరీయ సంహిత చెప్పిన భావన ధర్మశాస్త్రాల మీదుగా, పురాణ ప్రవచనాల మీదుగా నేటి సంసారాల్లోకి వచ్చి, వంశాంకురం కోసం ఎదురుచూపుగా నిలిచింది. బిడ్డను మోయడం ప్రాణానికే ముప్పు అయిన స్త్రీ విషయంలో ఈ ఋణం ఎలా వర్తిస్తుందన్నది వైద్యులు మాత్రమే తేల్చగలిగిన అంశం కాదు.

ఆ ముప్పు ఎంతటిదో తెలియడానికి రుమాటిక్ గుండెజబ్బును చూడవచ్చు. చిన్నతనంలో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన చికిత్స అందనప్పుడు, ఆ సూక్ష్మజీవి మీద పోరాడవలసిన శరీర రక్షణవ్యవస్థే కొందరిలో గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. పేదరికంలో, కిక్కిరిసిన ఇళ్ళలో పెరిగిన పిల్లలకు ఎక్కువగా వచ్చే ఈ జబ్బు వల్ల ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ నడుమ ఉండే మైట్రల్ కవాటం సన్నబడిపోవడం స్త్రీలలోనే అధికం. గర్భధారణలో ఒంట్లోని రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది కనుక, ఇరుకైన కవాటం గుండా అంత రక్తం సాగలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఎందరికో తమకు గుండెజబ్బు ఉందని తొలిసారి తెలిసేది కడుపుతో ఉండి ఆయాసపడినప్పుడే. కవాటం మార్పించుకుని యాంత్రిక కవాటంతో బతుకుతున్న స్త్రీకి చిక్కు మరో రకంగా ఉంటుంది: ఆ కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం వార్ఫరిన్ వంటి మందు వాడాలి, కాని ఆ మందు గర్భం ఆరవ వారం నుంచి పన్నెండవ వారం వరకు పిండం ఎదుగుదలను దెబ్బతీయగలదు, దాన్ని మానేస్తే తల్లి ప్రాణమే ప్రమాదంలో పడుతుంది. మైట్రల్ కవాటం తీవ్రంగా సన్నబడినవారికీ, ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికీ గర్భం వద్దనే హృద్రోగ నిపుణులు సలహా ఇస్తారు. లూపస్, మూర్ఛ, మధుమేహం వంటి వ్యాధుల్లో మాత్రం ప్రశ్న తరచుగా గర్భం రావచ్చా లేదా అన్నది కాక, ఎప్పుడు రావచ్చు అన్నది అవుతుంది: లూపస్ కొన్ని నెలలపాటు అణగి ఉండాలి, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్‌ను వైద్యుల పర్యవేక్షణలో ముందే మార్చుకోవాలి, రక్తంలో చక్కెర అదుపులోకి రావాలి. అంతవరకు ఆగడానికి గర్భనిరోధకం కావాలి.

ఇప్పుడు ఋణసిద్ధాంతం దగ్గరకు తిరిగి వస్తే, మొట్టమొదట గమనించవలసిన సంగతి ఒకటుంది. వేదవాక్యం ఆ ఋణాన్ని చెప్పింది పురుషుణ్ణి ఉద్దేశించి. పితరులకు బాకీ పడింది అతడు, పిండోదకాలు ఇవ్వవలసిందీ అతడి కొడుకే. ఆ బాకీ తీర్చడానికి తొమ్మిది నెలలు మోసి, ప్రసవవేదన పడి, అవసరమైతే ప్రాణం ఒడ్డవలసిన దేహం మాత్రం స్త్రీది. ఒకరి అప్పుకు మరొకరి ప్రాణాన్ని హామీగా పెట్టడం ఏ న్యాయానికీ నిలవదు. సంప్రదాయం కూడా ఈ ఋణం తీరడానికి ఒక్క దారినే మిగల్చలేదు. మనుస్మృతి పన్నెండు రకాల పుత్రులను లెక్కించి అందులో దత్తపుత్రుడికి చోటిచ్చింది, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఆడపిల్లను దత్తత చేసుకునే మార్గాన్నీ తెరిచింది. ఇంత వెసులుబాటు కళ్ళెదుట ఉండగా, కవాటం సన్నబడిన గుండెతో ఉన్న కోడలి మీద వంశం భారమంతా మోపడాన్ని శాస్త్రం పేరుతో సమర్థించడం శాస్త్రానికే అన్యాయం.

అంతకంటే లోతైన ఆధారం మీమాంసలో దొరుకుతుంది. వేదవిధుల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రమైన పూర్వమీమాంసలో జైమిని సూత్రాల ఆరవ అధ్యాయమంతా అధికారం గురించినది. అధికారం అంటే ఇక్కడ పెత్తనం అని కాక, ఒక కర్మ చేయవలసినవాడు ఎవడన్న అర్హతానిర్ణయం. ఆ అర్హతకు మీమాంసకులు ప్రధానంగా మూడు అంగాలు చెప్పారు: ఫలం కావాలన్న కోరిక ఉండడం అర్థిత్వం, చేయగల శక్తి ఉండడం సామర్థ్యం, చేయవలసినదాన్ని ఎరిగి ఉండడం విద్వత్త. ఇవి లేనివాడికి విధి వర్తించదు, ఎందుకంటే అశక్యమైనదాన్ని వేదం ఆజ్ఞాపించదు. స్త్రీకి యజ్ఞాధికారం లేదన్న పూర్వపక్షాన్ని జైమిని ఇదే అధ్యాయంలో తోసిపుచ్చి, ఫలాపేక్ష ఆమెకూ ఉంది కనుక భర్తతో కలిసి ఆమెకూ అధికారం ఉందని నిర్ణయించాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ తర్కాన్ని ఋణవాక్యానికే అన్వయించాడు: అప్పుడే పుట్టిన శిశువుకు కోరికా లేదు, శక్తీ లేదు, కనుక ఆ వాక్యం పుట్టుకనుంచే అందరినీ కట్టిపడేసేది కాదనీ, గృహస్థుడైనవాణ్ణి ఉద్దేశించిందనీ, అర్థీ సమర్థుడూ అయినవాడికే కర్మాధికారం ఉంటుందనీ వాదించాడు. ఆయన ముందున్న సమస్య మోక్షసాధనకు ఋణాలు అడ్డమా అన్నది. రోగగ్రస్త అయిన గృహిణి ఆయన దృష్టిలో లేదు. అయినా శక్తి లేనిచోట ఋణం కట్టదన్న సూత్రాన్ని ఒకసారి ఒప్పుకున్నాక, అది సన్న్యాసం కోరే పురుషుణ్ణి విడిపించి, ఊపిరాడని స్త్రీని మాత్రం బంధిస్తుందని చెప్పడానికి ఏ హేతువూ కనిపించదు.

ఈ వాదంలో ఒక ప్రమాదం దాగి ఉందన్నదీ నిజమే, దాన్ని దాటవేయకూడదు. సామర్థ్యం అన్న కొలతతోనే ధర్మశాస్త్రాలు అంధులనూ, వికలాంగులనూ యజ్ఞాల నుంచీ వారసత్వం నుంచీ దూరం పెట్టాయి. విముక్తి ఇచ్చే మాటే వెలివేతకూ పనికొచ్చింది. నేటికీ అదే పద్ధతిలో ఒక ఇల్లు “నువ్వు కనలేవు, పనికిరావు” అంటుంది, మరొకచోట ఒక వైద్యుడు కారణం చెప్పకుండా “నీకు పిల్లలు వద్దు” అని చీటీ రాసి పంపుతాడు. రెంటిలోనూ ఆమె ఏమి కోరుకుంటున్నదో అడిగినవారు లేరు. అందుకే మూడు అంగాలూ కలిసి ఉండాలి, మూడూ ఆమెలోనే ఉండాలి. ముప్పు తెలిసి, నిపుణుల పర్యవేక్షణలో బిడ్డను కనాలని నిశ్చయించుకున్న స్త్రీనీ ఇదే సూత్రం కాపాడుతుంది. భారత సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న ఒక యువతి గర్భాన్ని ఆమె ఇష్టానికి విరుద్ధంగా తొలగించడానికి నిరాకరిస్తూ, సంతానం విషయంలో నిర్ణయం తీసుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే వ్యక్తిస్వేచ్ఛలో భాగమని ప్రకటించింది. కనడానికీ, కనకపోవడానికీ అది సమానంగా వర్తిస్తుంది.

విద్వత్త అన్న అంగం ఈనాడు అన్నిటికంటే ఎక్కువ లోపించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి ఒక మార్గదర్శిని ప్రచురిస్తూ, ఏ వ్యాధి ఉన్న స్త్రీకి ఏ గర్భనిరోధకం తగునో నాలుగు తరగతులుగా చూపుతోంది: మొదటి తరగతి నిరాటంకమైనది, నాలుగవది వాడకూడనిది. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి గనుక క్లిష్టమైన కవాటవ్యాధిలో అవి నాలుగవ తరగతిలోకి వస్తాయి. కాపర్-టి వాడవచ్చు గాని అది ఋతుస్రావాన్ని పెంచుతుంది, రక్తం పలచబడే మందు వాడుతున్న స్త్రీకి అదొక బాధ. ఫెనిటాయిన్, కార్బమాజెపిన్ వంటి మూర్ఛమందులు మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తాయన్న సంగతి తెలియక, మాత్ర వేసుకుంటూనే గర్భం దాల్చిన స్త్రీని అజాగ్రత్తపరురాలని నిందించడం జరుగుతుంది. ఇన్ని భేదాలు ఉండగా, తెలుగునాట కుటుంబ నియంత్రణ అంటే స్త్రీకి చేసే ఆపరేషన్ అన్న ఒక్క అర్థమే స్థిరపడింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో దాదాపు 62 శాతం ఆ ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. దేశం మొత్తం మీద ఇది 38 శాతం. కడుపులో గ్యాసు నింపి చేసే లాప్రోస్కోపీ, దానికి ఇచ్చే మత్తు జబ్బుగుండెకు ఎంత భారమో ఆపరేషన్ శిబిరాల వరుసలో నిలబడ్డ స్త్రీకి ఎవరు చెబుతారు?

ఈ సాధనాలేవీ అక్కరలేదు, సంయమమే దారి అన్న సమాధానమూ ఉంది. 1935 డిసెంబరులో వార్ధాలో గర్భనిరోధక ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్‌తో జరిపిన సంభాషణలో గాంధీ కృత్రిమ సాధనాలను అంగీకరించలేదు. భర్త కోరికను కాదనగల ధైర్యం స్త్రీకి నేర్పాలన్నాడు. ఆ ధైర్యం గొప్పదే, కాని భర్తను కాదన్న పాపానికి పుట్టింటికి వెళ్ళగొట్టబడి, మందుల ఖర్చుకు సైతం గతిలేని రోగిష్టి స్త్రీ మీద దాన్ని ఏకైక రక్షణగా మోపడం కఠినం. కాథలిక్ సంఘం 1968 నాటి హ్యూమనే వీటే లేఖలో, వ్యాధిని నయం చేసే చికిత్స వల్ల సంతానం కలగకుండా పోయినా దోషం లేదంటూనే, గర్భాన్ని ఆపడమే ఉద్దేశమైనప్పుడు నిషేధాన్ని నిలిపింది. ఆ భేదం రానున్న గర్భమే ప్రమాదమైన స్త్రీని కాపాడదు. ఇస్లామీ ధర్మశాస్త్రం ఇక్కడ మరింత సూక్ష్మంగా ఆలోచించింది: 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, స్ఖలనానికి ముందు వైదొలగడమనే అజ్ల్‌ను అనుమతిస్తూ, ప్రసవంలో భార్య ప్రాణానికి ముప్పు కలుగుతుందన్న భయాన్ని న్యాయమైన కారణాల్లో చేర్చాడు.

ఈ ధర్మాలన్నీ తమ తమ పద్ధతిలో భర్తను కూడా ఉద్దేశించి మాట్లాడినవే. పితృఋణం అతడిదైనప్పుడు, భార్య ప్రాణాన్ని కాపాడే బాధ్యతా అతడిదే. పురుషులకు చేసే వేసెక్టమీ కొన్ని నిమిషాల్లో, స్థానికంగా మత్తు ఇచ్చి ముగిసే పని. అది స్త్రీ గుండెను తాకదు, ఆమె మందులతో కలబడదు. ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాని మీద ఆధారపడిన దంపతులు 0.3 శాతం మాత్రమే. బిడ్డలు ఇక చాలనో, అసలే వద్దనో జబ్బుపడిన భార్య తెలిసి నిర్ణయించుకున్నచోట, ఆపరేషన్ బల్ల ఎక్కవలసినవాడు భర్త. పురోహితులూ, పాస్టర్లూ, ఇమాములూ, గుండె వైద్యులూ ఆ మాట అతడికి ఎదురుగా చెప్పాలి.